బియ్యపు గింజంత మందు

సింకు కింద తలుపు తీసి, నేల మీద చతికిలబడి, పురుగుల మందు పెట్టడానికి వచ్చినతను టార్చి వేసి బందుల సందుల్లోకి చూశాడు. చేతిలో సూదిలేని సిరంజి, అందులో గోధుమరంగు జెల్. పెట్టబోతూ ఆగి నావైపు తిరిగాడు.

"ఈ వారంలో స్ప్రే ఏమైనా కొట్టారా అమ్మగారూ?"

"నిన్న రాత్రే కొట్టాను. సగం డబ్బా అయిపోయింది."

సిరంజికి మూత పెట్టేశాడు. "అయితే ఇవాళ పెట్టనండి. స్ప్రే పడ్డచోట బొద్దింకలు దీన్ని ముట్టుకోవు. మీ డబ్బులు దండగ. సబ్బునీళ్ళతో తుడిపించండి, పది రోజులాగి వస్తాను." రానుపోను ఖర్చు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

పాతికేళ్ళుగా విశాఖలో ఈ ద్వారకా నగర్‌లో వంటింటి పురుగులతో పోరాడుతున్నాను. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, హోటళ్ళు, ఆస్పత్రులు, వాటి మధ్యలో మా అపార్టుమెంట్లు. సముద్రం దగ్గర కావడంతో గాలిలో తేమ ఏడాది పొడుగునా ఉంటుంది. ఇన్నేళ్ళలో ఎన్ని డబ్బాలు కొన్నానో లెక్కలేదు. మందు పెట్టనని చెప్పినవాణ్ణి మాత్రం చూడటం అదే మొదటిసారి.

పది రోజులకి అన్నమాట ప్రకారం వచ్చాడు. బందుల్లో, ఫ్రిజ్ మోటారు దగ్గర వెచ్చగా ఉండేచోట, గ్యాస్ గట్టు కింద గొట్టం గోడలోకి దూరేచోట ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోయాడు. చుక్క బియ్యపు గింజంత. వంటిల్లు మొత్తానికి ముప్ఫై చుక్కలు ఉంటాయేమో. "ఇంతేనా?" అన్నాను. "ఇంతేనండి. అవి ఉండేచోట పెడితే ఇది చాలు" అన్నాడు.

ఆ చుక్క చేసే పని తెలుసుకున్నాక ఆ పనితనం మీద నాకు గౌరవం కలిగింది. మన వంటిళ్ళలో చిన్నగా, లేత గోధుమరంగులో, మెడ మీద రెండు నల్లచారలతో ఉండేది జర్మన్ బొద్దింక. రాత్రి లైటు వేసినప్పుడు మనకి కనబడేవి కొన్నే, మిగతావి సందుల్లోనే ఉంటాయి. స్ప్రే కొడితే కనబడినవి చస్తాయి, తక్కినవి ఆ ఘాటుకి గొట్టాల వెంట పై వాటాలోకి, పక్క వాటాలోకి పోతాయి. ఆడది ముప్ఫై నలభై గుడ్లున్న తిత్తిని పొదిగేదాకా ఒంటికే అంటిపెట్టుకుని తిరుగుతుంది. మందు ఆ తిత్తిలోకి దిగదు. జెల్ సంగతి వేరు. తిన్న బొద్దింక వెంటనే చావదు, సందులోకి వెళ్ళి చస్తుంది. దాని రెట్టనీ, శవాన్నీ తిన్న పిల్ల బొద్దింకలకీ ఆ విషం ఎక్కుతుంది. బయటికి రాని వాటిని కూడా బయటికి వచ్చినదే చంపుతుంది.

మన భాషలో జ్వరానికి వేసుకునేదీ మందే, పురుగుకి కొట్టేదీ మందే. జ్వరం మందు డాక్టరు పూటకొకటి అంటే మనం రెండు వేసుకోం. పురుగుమందు దగ్గరికొచ్చేసరికి మోతాదు అన్న మాటే గుర్తుండదు. మూతతో కొలవమంటే గ్లాసుతో పోస్తాం. ఎంత ఘాటు ఉంటే అంత పని చేసినట్టు లెక్క. డైక్లోర్వాస్ అనే పురుగుమందు అలాగే ఇంటింటా చెలామణీ అయింది. దాని వాసన రెండు రోజులు ఇల్లు వదిలేది కాదు, ఆ వాసనే దానికి పేరు తెచ్చింది. పురుగు నరాలని పట్టే ఆ జాతి మందు మన నరాలనీ అదే దారిలో పడుతుంది. చొంగ కారడం, చెమట పట్టడం, కంటిపాప సూదిమొనంత అయిపోవడం, కండరాలు అదరడం దాని గుర్తులు. 2020 చివరితో దాన్ని మన దేశంలో ఆపేశారు. ఇప్పుడు కూడా ఎవరైనా చీటీ లేని సీసా తెచ్చి "పాత సరుకండి, గట్టిగా పనిచేస్తుంది" అంటే గుమ్మంలోంచే పంపేయండి.

చీటీ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు, కలిపిన మందు మిగిలిపోతే పారబొయ్యడం ఇష్టం లేక కూల్‌డ్రింక్ సీసాలో పోసి సింకు కింద పెట్టాను. మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళేసరికి వాడు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన నచ్చక మొహం తిప్పేసుకున్నాడు. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపుతుంది. 2013 జులైలో బీహార్ సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని పరీక్షలో తేలింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

అసలు మన దేశంలో పురుగుమందులకి చట్టం వచ్చిందే అలాంటి చావుల వల్ల. 1958లో ఒకే ఓడలో గోధుమపిండినీ పారాథియాన్ అనే పురుగుమందునీ కలిపి వేసుకొచ్చారు. మందు కారి పిండిలో కలిసింది. ఆ పిండి తిని కేరళలో వందమందికి పైగా పోయారు. రేవు ఊళ్ళో ఉండేవాళ్ళం, ఓడలో సరుకు పక్కన సరుకు ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఘోరం తరవాతే 1968లో చట్టం వచ్చింది. డబ్బా మీద ఏటవాలు చతురస్రంలో కనబడే రంగు ఆ చట్టం కింద పెట్టిన గుర్తే. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తరవాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది విషమే, తక్కువ విషం అంతే. కొనేముందు మొదట చూడాల్సింది ధర కాదు, ఆ రంగు.

మా వెనక హాస్టల్లో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన పిల్లలు చదువుకుంటారు. నల్లుల బాధకి పరుపు మీద స్ప్రే కొట్టుకుని ఆ తడి ఆరకముందే దాని మీదే పడుకుంటున్నారు. నాకు కోపం వచ్చింది, వాళ్ళ మీద కాదు, వాళ్ళకి చెప్పని పెద్దల మీద. నల్లులు ఈ స్ప్రేలకి చాలాచోట్ల అలవాటుపడిపోయాయి, వేడికి మాత్రం తట్టుకోలేవు. దుప్పట్లు మరిగే నీళ్ళలో ముంచాలి. మంచం బిగింపుల్లో, పరుపు అంచు కుట్టులో ఆవిరి పట్టించాలి. మొదటిసారి మిగిలిన గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలవుతాయి కాబట్టి రెండో విడత తప్పనిసరి. ఒక్కసారి చేసి మానేస్తే ఆ శ్రమంతా నీళ్ళపాలే.

దోమలకి ఇంట్లో మందుకన్నా బిందె బోర్లించడం మేలు. డెంగీ దోమ మంచినీళ్ళలో పెట్టిన గుడ్డు వారం పది రోజుల్లో దోమై రెక్కలొచ్చి ఎగురుతుంది. శుక్రవారం డ్రై డే అని చెప్పేది అందుకే. ఫ్రిజ్ వెనక పళ్ళెం, పూలకుండీ కింద సాసరు వారానికోసారి ఒంపేస్తే చాలు. చెదలకి మాత్రం సొంత వైద్యం వద్దు. గోడవార అడుగుకొక రంధ్రం చొప్పున వేసి మందు పోస్తారు. 20 శాతం క్లోర్‌పైరిఫాస్ అయితే లీటరుకి 19 లీటర్ల నీళ్ళు కలపాలి. ఎదురుగా నిలబడి ఆ కొలత చూడండి. మిద్దె మీద మొక్కలకీ, గుమ్మం ముందు పచ్చికకీ నేను లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బుద్రావణం కలిపి కొడతాను. అదీ పొద్దుగూకాకే, తేనెటీగలు గూటికి పోయాక.

స్ప్రే డబ్బా తప్పనిసరైతే పొయ్యి ఆర్పాకే నొక్కండి, అందులో గ్యాస్ అంటుకుంటుంది. చేపల తొట్టి మూసెయ్యండి, పిల్లిని బయటికి పంపండి, ఆ మందులు వాటికి మనకన్నా చేటు. గిన్నెలు కప్పండి. పిల్లల్ని వేరే గదిలో పెట్టి, తరవాత కిటికీలు బార్లా తీయండి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, ఆ డబ్బా పట్టుకునే కేజీహెచ్‌కి గానీ దగ్గరున్న ఆస్పత్రికి గానీ వెళ్ళండి. డాక్టరు మొదట అడిగేది మందు పేరే.

మూడు వారాలకి మా వంటింట్లో రాత్రి లైటు వేస్తే ఏదీ కదల్లేదు. అతను మళ్ళీ వచ్చి ఎండిపోయిన చుక్కలు గీకి కొత్తవి పెట్టాడు. వెళ్ళేముందు సింకు తలుపు లోపలివైపు పెన్సిలుతో మందు పేరు, తేదీ రాశాడు. చిన్నప్పుడు మలేరియా వాళ్ళు డీడీటీ కొట్టి గుమ్మం పక్క గోడ మీద ఇలాగే తేదీ వేసి వెళ్ళేవారు. ఆ రాత కింద అతను ఇంకో గీత గీసి, మూడు నెలల తరవాతి తేదీకి చోటు వదిలాడు.