సెల్లార్‌లో కారు ఆగిపోకుండా

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌కి ఊరంతా తలుపులు మూసుకున్న రోజుల్లో, హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం నుంచి కరోనా వైరస్ ఆకారంలో ఒక కారు బయటికొచ్చింది. వంద సీసీ ఇంజిన్, ఒక్కరే పట్టే సీటు, చుట్టూ ముళ్లు, గంటకు 40 కిలోమీటర్ల వేగం. మ్యూజియం స్థాపకుడు కన్యబోయిన సుధాకర్ దాన్ని పది రోజుల్లో తయారుచేశారు. ఇదే నగరంలో, తార్నాకలోనో హబ్సిగూడలోనో, ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్ మూలనో కవరు కింద సగం కోసిన మారుతి 800 ఏళ్ల తరబడి పడి ఉంటుంది. దాని యజమానికి పని రాక కాదు, ఇష్టం చచ్చిపోయీ కాదు. ఆ బండి ఫలానా రోజుకి తయారవ్వాలని అడిగేవాళ్లు లేరు, అంతే.

సుధాకర్‌కి బడి రోజుల నుంచీ ఇదే లోకం. అనుభవం ఉంది, సొంత వర్క్‌షాప్ ఉంది. 2005లో ఆయన కట్టిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డుకెక్కింది. అయితే ఆయన పనితీరులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది, బండిని ఒక సందర్భానికి ముడిపెట్టడం. మహిళా దినోత్సవానికి హ్యాండ్‌బ్యాగ్ కారు, లిప్‌స్టిక్ కారు. బాలల దినోత్సవానికి పెన్నూ పెన్సిలూ. మార్చి 8 ఎవరి కోసమూ ఆగదు కదా! ముహూర్తం పెట్టుకున్న ఇంట్లో పనులు ఎలా కదులుతాయో, తేదీ పెట్టుకున్న బండి పనీ అలాగే కదులుతుంది.

తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి తిరిగితే ఇదే సంగతి ఇంకో రూపంలో తెలుస్తుంది. 1929లో మొదలైన ఇక్కడి ఇంజినీరింగ్ కళాశాల లాంటి చోట్ల మెకానికల్ విద్యార్థికి మొదటి ఏడాదే వర్క్‌షాప్‌లో ఫైలు చేతికిస్తారు. ఇనుప ముక్కను మూలమట్టానికి సరిపడేలా రుద్దీ రుద్దీ అరచేయి బొబ్బలెక్కుతుంది. అక్కడి నుంచి కొందరి కళ్లు బాహా మీద పడతాయి. 1976లో అమెరికాలోని సౌత్ కరొలినా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ బగ్గీల పోటీ 2007లో ఇండోర్ పక్కన పీతంపూర్‌కి వచ్చింది. విద్యార్థులే గొట్టాలతో ఫ్రేమ్ కట్టి, ఒక చిన్న ఇంజిన్ పెట్టి, బండిని నాలుగు గంటలపాటు గుంతల్లో, మట్టిలో తోలాలి.

ఆ పిల్లల దగ్గర డబ్బుండదు. మధ్యలో సెమిస్టర్ పరీక్షలొస్తాయి. ఫైనల్ ఇయర్ వాళ్లు వెళ్లిపోతారు. అయినా పని సాగుతుంది. పోటీ తేదీ గోడ మీద ఉంటుంది. అక్కడ ఎవరో తెలియని పరీక్షకుడు బండి చుట్టూ తిరిగి ప్రతి వెల్డింగూ చూస్తాడు. బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకోవాలి, డ్రైవరు ఐదు సెకన్లలో బయటికి రావాలి. ఇక జూనియర్ వచ్చి ‘అన్నా, ఈ బోల్టు ఎందుకు ఇటు నుంచే పెట్టాలి?’ అని అడిగితే చెప్పి తీరాలి. చెప్పలేకపోతే ఆ రాత్రి కూర్చుని తెలుసుకోవాలి. ఇంట్లో ఒంటరిగా కారు కట్టేవాడికి ఇవేవీ ఉండవు. ఉత్సాహం అనేది మనసులో ఊరే గుణం అనుకుని దానికోసం ఎదురుచూస్తాడు. క్యాంపస్‌లో అది నలుగురి మధ్య నుంచి వస్తుంది. కాబట్టి ఇంటి పనిలోకి ఆ నలుగురినీ కావాలనే తెచ్చుకోవాలి.

ఇంట్లో కిట్ కారు కట్టుకోవడం మన దగ్గర పుట్టిన అలవాటు కాదు. ఫ్యాక్టరీ నుంచి ఛాసిస్, బాడీ తెచ్చుకుని, పాత కారు ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ వాటిలో బిగించుకునే ఈ పద్ధతి బ్రిటన్‌లో బాగా పాకింది. 1957లో లోటస్ కంపెనీ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ కారును తెచ్చినప్పుడు పూర్తయిన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. ఎలా బిగించాలో రాసిన పుస్తకం మాత్రం దాంతో ఇవ్వకూడదు. అందుకని లోటస్ వాళ్లు ఎలా విప్పాలో రాసి ఇచ్చేవారని, కొన్నవాళ్లు దాన్ని వెనకనుంచి చదువుకునేవారని చెబుతారు.

పాత మారుతి విప్పడానికి కూర్చునే ప్రతి ఒక్కరూ ఆ కథను పనిలో పెట్టాలి. మొదటి రెండు ఆదివారాలూ విప్పడంలో గొప్ప ఆనందం ఉంటుంది. చేతులు నల్లబడతాయి, సెల్లార్ నిండుతుంది. ఆరు నెలలయ్యాక ఒక డబ్బాలో వందల నట్లు కలిసిపోయి కనిపిస్తే గుండె జారిపోతుంది. నా లెక్కన ఇంటి కార్లలో ఎక్కువ భాగం చచ్చేది ఆ డబ్బా దగ్గరే. ప్రతి భాగం ఊడదీసేముందు ఫోటో తీయాలి, బోల్టును వీలైతే దాని రంధ్రంలోనే తిరిగి రెండు చుట్లు తిప్పి వదలాలి, లేకపోతే కవరులో వేసి ఎక్కడిదో తెలుగులోనే చీటీ రాసి పెట్టాలి. నోటుపుస్తకంలో వరస తప్పకుండా రాసుకోవాలి. బిగించేటప్పుడు చివరి పేజీ నుంచి మొదలుపెట్టడమే.

తరవాతిది పనుల వరస. అందం చూపించే పనులు ముందు చేయాలనిపిస్తుంది: స్టీరింగ్ కొనడం, రంగు వేయించడం. కొత్త రంగు మీద తరవాత పానా జారి గీత పడితే పని మీదే విరక్తి పుడుతుంది. రంగు చిట్టచివర. ముందు ఫ్రేమ్: చదునైన బల్ల మీద గొట్టాలన్నీ అమర్చి చుక్క వెల్డింగ్ వేసి, రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయో లేదో టేపుతో కొలవాలి. తేడా ఉంటే అప్పుడే కోసి సరిచేయాలి. పూర్తి వెల్డింగ్ ఒకే వైపు పెట్టుకుంటూ పోతే వేడికి ఫ్రేమ్ మెలి తిరుగుతుంది, అందుకని ఇటో ముక్క, అటో ముక్క వేయాలి. జీఐ పైపు జోలికి పోవద్దు, దాని జింకు పొగ పీలిస్తే రాత్రికి జ్వరం వస్తుంది. మూసిన సెల్లార్‌లో వెల్డింగ్ అసలే వద్దు.

ఫ్రేమ్ అయ్యాక ఇంజిన్ మీదికి పోకుండా సస్పెన్షన్, స్టీరింగ్, చక్రాలు పెట్టేయాలి. బండి తోస్తే కదలాలి. దీనికి దసరాను మించిన తేదీ మనకు లేదు. ఆయుధ పూజ రోజు పనిముట్లన్నీ కడిగి పసుపు, కుంకుమ పెడతాం, బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. నిమ్మకాయ తొక్కాలంటే చక్రాలుండాలి! ‘ఈ దసరాకి మన కారు కూడా’ అని ఇంట్లో ఒక్కసారి అన్నారంటే అత్తగారి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అడుగుతూనే ఉంటారు. ఆ రోజు ఫ్రేమ్‌లో ప్లాస్టిక్ కుర్చీ పెట్టి, పిల్లల్ని కూర్చోబెట్టి, నలుగురూ తోసి సెల్లార్ ఈ చివర నుంచి ఆ చివరకి తీసుకెళ్లండి. ఆ తర్వాత ఏడాది పాటు ఆ పిల్లలే ఇన్‌స్పెక్టర్లు.

డబ్బు ఆగినప్పుడూ పని ఆగుతుంది, అది ఉత్సాహం లోపం కాదు. రాణిగంజ్‌లో బేరింగులకో పుత్లీబౌలీలో విడిభాగాలకో వెళ్లేముందు ఈ నెల బిగించేవి మాత్రమే జాబితాలో ఉండాలి. ఖర్చులేని పనులు వేరే పేజీలో రాసుకోవాలి: తుప్పు గీకడం, బ్రాకెట్లు రుద్దడం, వైరింగ్ బొమ్మ గీయడం. వైరింగ్ బొమ్మ మరీ ముఖ్యం. అన్నీ బిగించాక, ‘అయిపోయింది’ అనుకున్నాక, నెలలు మింగేది వైర్లూ గొట్టాలూ చిన్న బ్రాకెట్లే. ఆఫీసు నుంచి అలసి వచ్చిన రోజు పావుగంట పని చాలు, కానీ లేచేముందు రేపటి మొదటి పానా ఏదో, ఏ బోల్టు మీదో పక్కన పెట్టి లేవండి. గ్రైండర్ మాత్రం చీకటి పడ్డాక వద్దు. పైఅంతస్తు వాళ్లతో ఒక్క తగాదా అయితే నెలపాటు కిందికి దిగబుద్ధి కాదు.

మొదట్లోనే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇంట్లో కట్టిన కారుకి మన దగ్గర నంబరు ప్లేటు రాదు. కొత్త నమూనా ఏదైనా పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల పరీక్ష నెగ్గాలి, అది కంపెనీల స్థాయి వ్యవహారం. ఉన్న కారును మార్చేద్దామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టూ చెప్పింది. బ్రిటన్‌లో ఒక్క బండినే పరీక్షించి రోడ్డుకి అనుమతిచ్చే పద్ధతి ఉంది. అదొక్కటి మనకూ ఉంటే ఈ నగరంలో ఎంతమంది చేతులు కదిలేవో అనిపిస్తుంది. అందాకా గమ్యం సరిగ్గా పెట్టుకోవాలి: సొంత పొలం, అద్దెకిచ్చే ట్రాక్, అనుమతి తీసుకున్న మైదానం. ట్యాంక్‌బండ్ మీద తిరగాలన్నదే కోరికైతే రిజిస్ట్రేషన్ ఉన్న పాత ప్రీమియర్ పద్మినిని అసలు రూపానికి తేవడం మంచి దారి. పై పద్ధతులన్నీ దానికీ పనికొస్తాయి.

ఇంజిన్ మొదటిసారి తిప్పే రోజు ఎవరినైనా పక్కన ఉండమనండి, చేతిలో మంటలార్పే సిలిండర్‌తో. ప్లగ్గులు విప్పేసి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పి, ఆ తర్వాతే పెట్రోలు. కారు కదిలిన సంబరంలో అందరూ మరిచిపోయే పని ఒకటి: మొదటిసారి నడిపాక చక్రాలవీ సస్పెన్షన్‌వీ స్టీరింగ్‌వీ బోల్టులన్నీ మళ్లీ బిగించి, ఒక్కోదాని తల మీంచి ఫ్రేమ్ మీదికి పెయింటుతో గీత గీయాలి. గీత విరిగితే బోల్టు వదులైందన్నమాట. వారం వారం ఆ గీతలు చూసే పని పదేళ్ల పిల్లకైనా అప్పజెప్పొచ్చు.