అడిగేవాడికి చెప్పేవాడు లోకువ

మొన్న రాత్రి పదకొండున్నరకి ఓ వాట్సాప్ గ్రూపులో ఫోటో పడింది. లాప్‌టాప్ తెరని ఫోన్‌తో, అదీ ఏటవాలుగా తీసిన ఫోటో. తెర మీద ట్యూబ్‌లైటు మెరుపు, ఒక మూల సగం బొటనవేలు. కింద ముక్క: "అన్నా, సెమికోలన్ పెట్టినా అదే ఎర్రర్. రేపు ల్యాబ్ ఎక్స్‌టర్నల్. అర్జెంట్ ప్లీజ్." పంపింది బీటెక్ రెండో ఏడాది కుర్రాడు. గ్రూపులో మిగతావాళ్లు అదే కాలేజీలో చదివి, ఇప్పుడు గచ్చిబౌలిలోనో డల్లాస్‌లోనో ఉద్యోగాలు చేస్తున్న సీనియర్లు. ఈ కాలమిస్టు ఆ గ్రూపులో ఎందుకున్నాడంటే, ఓ పెళ్లిలో ఎవరో చేర్చారు. బయటికొచ్చేస్తే బాగుండదని ఉండిపోయాడు.

తెర ఫోటోల మీద ఈ కాలమ్‌కున్న కసి పాత పాఠకులకి కొత్త కాదు. ఎర్రర్ అంటే అక్షరాలు. వాటిని అక్షరాలుగానే కాపీ చేసి పంపాలి. ఫోటో తీసి పంపితే చూసేవాడు ఆ కోడ్‌ని తన దగ్గర నడిపి చూసుకోలేడు, ఎర్రర్‌ని వెతుక్కోనూ లేడు. ఏడాదికోసారైనా ఈ గోడు ఇక్కడ వస్తుంది, వచ్చినప్పుడల్లా డెస్కు నుంచి "మళ్లీ అదేనా?" అని ఫోనూ వస్తుంది. అవును, మళ్లీ అదే.

ఇది ఒక్కడి చాదస్తమేం కాదు. పుట్టీ అనే టెర్మినల్ సాఫ్ట్‌వేర్ రాసిన సైమన్ టాథమ్, బగ్గు గురించి ఎదుటివాడికి ఎలా చెప్పాలో 1999లోనే ఓ వ్యాసం రాసిపెట్టాడు. ఏం చేశావు, ఏం జరగాలనుకున్నావు, ఏం జరిగింది: ముందు ఈ మూడూ చెప్పు, నీ ఊహలు తర్వాత చూద్దాం అన్నది అందులో సారం. 2001లో ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ కలిసి, ప్రశ్న తెలివిగా అడగడం ఎలాగో చెబుతూ పెద్ద గైడే తయారుచేశారు. అందులో ఉన్న కరుకుదనం కొందరికి గిట్టదుగానీ, పాతికేళ్లుగా సీనియర్లు జూనియర్ల మొహాన విసురుతున్నది దాన్నే.

ప్రశ్నని చిన్నది చేసుకుంటూ పోతే ఏమవుతుందో చెప్పడానికి తెలుగువాళ్లం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని పడగొట్టింది మన అక్షరమే. ఒక మెసేజ్ వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూత. "మెసేజ్ వస్తే ఫోన్ చచ్చిపోతోంది" అన్న ఫిర్యాదుతో ఎవరూ ఏమీ చేయలేరు. తీసేయగలిగినవన్నీ తీసేస్తూ వెళ్తే చివరికి మిగిలింది ఒకే ఒక్క అక్షరం, జ్ఞా. దాన్నీ విడదీస్తే లోపల అయిదు ముక్కలు: జ, పొల్లు, ఞ, కంటికి కనపడకుండా అక్షరాలు కలవడాన్ని అదుపు చేసే ఓ క్యారెక్టర్, దీర్ఘం. ఆ కనపడనిదాన్ని తీసేస్తే ఏ గొడవా లేదు. జ్ఞానం, విజ్ఞానం అని రోజూ టైప్ చేసే మనకి ఏమీ కాకపోవడానికి కారణం అదే. బెంగాలీలోనూ ఇలాంటి కూర్పులు ఇదే పని చేస్తాయని ప్రోగ్రామర్లు కూపీ లాగారు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అయిదు ముక్కల దాకా తగ్గించుకొచ్చిన ప్రశ్నకి జవాబు దొరకడం ఎంతసేపు?

అలా తగ్గించుకుంటూ పోయేటప్పుడు చాలాసార్లు ఎవర్నీ అడగాల్సిన అవసరమే పోతుంది. బ్రయాన్ కెర్నిహాన్, రాబ్ పైక్ 1999లో రాసిన పుస్తకంలో ఓ యూనివర్సిటీ కంప్యూటర్ కేంద్రం ముచ్చట ఉంది. అక్కడ హెల్ప్ డెస్కు పక్కన ఓ ఎలుగుబంటి బొమ్మని కూర్చోబెట్టారు. అంతుబట్టని బగ్గుతో వచ్చిన విద్యార్థి ముందు ఆ బొమ్మకి తన గోడంతా చెప్పుకోవాలి, ఆ తర్వాతే మనిషితో మాటలు. అదే ఏడాది వచ్చిన ఇంకో పుస్తకంలో హంట్, థామస్ ఎలుగుబంటి బదులు రబ్బరు బాతుని పెట్టారు. పేరు బాతుకే దక్కింది.

ఇక్కడిదాకా వచ్చాక, ఈ వారం కాలమ్ ఆ కుర్రాడికి ఓ ఎలుగుబంటిని కొనిపెట్టమని చెప్పి ముగిసిపోవాలి. కానీ ఎలుగుబంటి పేరెత్తగానే అమీర్‌పేట గుర్తొచ్చింది.

2000 సంవత్సరం అటూ ఇటూగా అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న సందుల్లో తిరిగినవాళ్లకి ఆ హోరు గుర్తుండే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి కట్టిన బ్యానర్లు, ఉచిత డెమో క్లాసులు, ఎస్సార్ నగర్ హాస్టళ్ల నుంచి పొద్దున్నే తడి జుట్టుతో పరిగెత్తే కుర్రాళ్లు, ఫ్యాకల్టీ చేతిరాత నోట్సుని బైండ్ చేసి అమ్మే జిరాక్స్ షాపులు. ఒక్కో హాల్లో వందల మంది. సార్ మైకులో చెప్పుకుంటూ పోయేవాడు, గంట కాగానే పక్క ఇన్‌స్టిట్యూట్‌లో ఇంకో బ్యాచ్‌కి వెళ్లిపోయేవాడు. డౌట్ అడుగుదామని చెయ్యెత్తితే వెనక బెంచీల వాళ్లు మూలిగేవాళ్లు.

డౌట్లు తీరేది టీ బండి దగ్గరే. ఒరాకిల్ నేర్చుకున్న ప్రతివాడూ మొదట పడ్డవి ఎంప్, డెప్ట్ అనే రెండు టేబుళ్ల మీద. పద్నాలుగు మంది ఉద్యోగులు, నాలుగు డిపార్ట్‌మెంట్లు. అందులో 40వ నంబరు ఆపరేషన్స్, ఊరు బోస్టన్, దాంట్లో ఒక్క ఉద్యోగీ ఉండడు. రెండు టేబుళ్లనీ కలిపి జాబితా తీస్తే బోస్టన్ మాయమైపోతుంది. దాన్ని వెనక్కి రప్పించడానికి అప్పట్లో ఒరాకిల్‌లో బ్రాకెట్లలో ప్లస్ గుర్తు పెట్టాలి. ఎటువైపు పెట్టాలి? క్లాసులో అందరూ రాసుకున్నారు, గదికెళ్లాక అందరూ మరిచిపోయారు. ఓ సాయంత్రం టీ బండి దగ్గర గుంటూరు నుంచి వచ్చిన ఎంసీఏ కుర్రాడొకడు జిరాక్స్ కాగితం వెనక రెండు గడులు గీసి, "ఎటువైపు మనుషులు లేరో అటు పెట్టరా, లేనివాడికి కదా ప్లస్ కావాలి" అన్నాడు. అడిగింది ఒక్కడే. చుట్టూ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ మిగతావాళ్లెవరూ అడగలేదు. కానీ వాళ్లలో ఎవరూ మళ్లీ జన్మలో ఆ ప్లస్‌ని తప్పు వైపు పెట్టి ఉండరు.

సరిగ్గా ఈ సంగతినే జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లో ప్రోగ్రామర్ల మనస్తత్వం మీద రాసిన పుస్తకంలో పట్టుకున్నాడు. ఓ యూనివర్సిటీ కంప్యూటర్ కేంద్రంలో విద్యార్థులు తమ ప్రోగ్రాముల ఫలితాల కోసం ఎదురుచూస్తూ తినుబండారాల మెషీన్ల దగ్గర మూగి కబుర్లాడుకునేవాళ్లు. గోలగా ఉందని కొందరు ఫిర్యాదు చేశారు. మేనేజరు ఆ మెషీన్లని అక్కణ్ణుంచి తీయించేశాడు. గోల పోయింది. కొద్ది రోజులకే సాయం చేసే డెస్కు ముందు చాంతాడంత క్యూ మొదలైంది, సిబ్బంది చాలడం లేదని మళ్లీ ఫిర్యాదు. అన్నాళ్లూ సగం సమస్యలు ఆ మెషీన్ల దగ్గరే తీరిపోతున్నాయని ఎవరికీ తట్టలేదు. కబుర్లనుకున్నది కాస్తా కన్సల్టింగన్నమాట.

అమీర్‌పేటలో మొదలై వాట్సాప్‌లో పెరిగిన ఇంకో సాయం గురించి బాహాటంగా ఎవరూ మాట్లాడరు. దాని పేరు జాబ్ సపోర్ట్. లేని అనుభవం రెజ్యూమేలో పెట్టి అమెరికాలో ప్రాజెక్టు సంపాదించినవాడు మొదటి రోజే మునిగిపోతాడు. వాడి తరఫున హైదరాబాద్‌లో ఒకడు నెలకింతని మాట్లాడుకుని, ఇక్కడి రాత్రి అంటే అక్కడి పగలు, తెర పంచుకుని పని నడిపిస్తాడు. ఇది తప్పు. క్లయింటుకి తెలియదు, కంపెనీ కోడ్ ముక్కూమొహం తెలియనివాడి కళ్ల ముందు ఉంటుంది, నిజంగా పని వచ్చినవాడి అవకాశం పోతుంది. ఆ మాట అనేశాక ఒక్కటి చెప్పక తప్పదు: చెప్పేవాడి టైముకి విలువ కట్టిన చోటు బహుశా అదొక్కటే. అలా సపోర్ట్ ఇచ్చే ఓ కుర్రాణ్ణి అడిగితే, సగం రాత్రి కోడ్ రాయడానికి పట్టదన్నాడు. "వాళ్లడిగింది చేస్తే పని కాదండీ. ముందు మేనేజర్ పంపిన మెయిల్ చూపించమంటాను."

ప్రోగ్రామర్లు దీన్ని ఎక్స్-వై ప్రాబ్లమ్ అంటారు. ఒకడొచ్చి, ఫైలు పేరులో చివరి మూడక్షరాలు తీసుకోవడం ఎలా అని అడుగుతాడు. ప్రశ్నలో ఏ లోటూ లేదు. ఒక్క లైనులో జవాబు చెప్పేయొచ్చు. కానీ వాడికి నిజంగా కావలసింది ఫైలు రకం, అది ఎప్పుడూ మూడక్షరాలే ఉండదు. జేపీఈజీ అని నాలుగుంటే? అడిగిన ప్రశ్నకి చక్కగా జవాబు చెప్పినవాడు వాణ్ణి చక్కగా గోతిలోకి దించుతాడు. "అది సరే, ఎందుకు కావాలి?" అని తిరగేసి అడిగేవాడే గట్టెక్కిస్తాడు. అలా ముస్తాబు చేసుకొచ్చిన ప్రశ్నకి ఆ ఎదురుప్రశ్న తగిలే అవకాశం తక్కువ, ఎందుకంటే అడిగినవాడు అనవసరమనుకున్నవన్నీ అప్పటికే కత్తిరించేసి ఉంటాడు.

ఆ రాత్రి ఫోటో సంగతీ అంతే. కోడ్‌లో సెమికోలన్ ఉంది. కింద టెర్మినల్‌లో జావా కంపైలర్ మాత్రం సెమికోలన్ కావాలంటోంది. కుర్రాడు ఆ కోడ్‌ని, ఎర్రర్‌ని కాపీ చేసి బుద్ధిగా పంపి ఉంటే గ్రూపు మొత్తం జుట్టు పీక్కునేది, కోడ్‌లో తప్పేం లేదు మరి. డల్లాస్‌లో లంచ్ చేస్తున్న ఓ సీనియర్ ఫోటోని పెద్దది చేసి చూశాడు. ఎడిటర్‌లో ఫైలు పేరు పక్కన మామూలుగా ఉండే ఇంటూ గుర్తు లేదు. దాని స్థానంలో తెల్ల చుక్క. "తమ్ముడూ, సేవ్ చేయలేదు. కంట్రోల్ ఎస్ కొట్టు." కంపైలర్‌కి ఇంకా పాత ఫైలే కనపడుతోంది. ఆ చుక్కకి అర్థం తెలిసినవాడైతే అసలు అడిగేవాడే కాదు. తెలియనివాడు ఏం పంపాలో ఎలా ఎంచుకుంటాడు? బొటనవేలితో సహా అన్నీ పంపాడు కాబట్టే దొరికింది. గ్రూపులో మరో ఇద్దరు వెంటనే "అయ్యో, నాదీ అదే అన్నా" అన్నారు. అప్పటిదాకా ఆ ఇద్దరూ గుటకలు మింగుతూ కూర్చున్నవాళ్లే.

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక జూనియర్లు మనుషుల్ని అడగడం తగ్గించేశారు. 2008 నుంచి ప్రోగ్రామర్ల ప్రశ్నలకి అడ్డాగా ఉన్న స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు ఘోరంగా పడిపోయాయి. వాళ్లని తప్పుపట్టలేం. అక్కడ నోరు తెరిస్తే "ఇది ఇంతకుముందే అడిగారు" అని తలుపు మూసేసేవాళ్లు, చాట్‌జీపీటీ అర్ధరాత్రి అడిగినా విసుక్కోదు. ఫోటో ఇచ్చినా చదువుతుంది, ఆ తెల్ల చుక్కనీ పట్టేయొచ్చు. కానీ ఆ సంభాషణని పక్కన నిలబడి వినేవాళ్లెవరూ లేరు. "నాదీ అదే" అనాల్సిన ఇద్దరూ ఎవరి తెర ముందు వాళ్లు విడివిడిగా అడుగుతారు, లేదా అడగరు. వైన్‌బర్గ్ మేనేజరు మెషీన్లు తీయించి సాధించిన నిశ్శబ్దం లాంటిదే ఇదీ.

కాబట్టి పంపనివ్వండి ఫోటోలు. డెస్కు వాళ్లకి ఇది శుభవార్తే.

ఇక కదపాల్సింది చెప్పేవాడి సంగతి. ఆఫీసులో ఓ జూనియర్ పక్కన కూర్చుని గంట సేపు బగ్గు వెతికిపెట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. జీరా టికెట్‌లో పని ఎవరిదన్న చోట మామూలుగా ఒక్కరి పేరే పడుతుంది. టైమ్‌షీట్‌లో ఆ గంటకి గడి ఉండదు, అప్రైజల్‌లో మేనేజర్ అడిగేది "నీ టికెట్లు ఎన్ని అయ్యాయి" అనే. నిజానికి గిట్‌లో దీనికో వీలుంది. మార్పుని సేవ్ చేసేటప్పుడు రాసే నోట్ చివర, కో-ఆథర్డ్-బై అని ఓ లైను చేర్చి తోడున్నవాడి పేరు పెట్టొచ్చు. గిట్‌హబ్ 2018 నుంచి ఆ పేరుని మొదటివాడి పక్కనే చూపిస్తోంది. ఎన్ని టీముల్లో అది వాడుతున్నారో ఒకసారి మీ ప్రాజెక్టు తెరిచి చూడండి. ఈమధ్య ఆ లైను మళ్లీ కనిపిస్తోంది నిజమే, అయితే పక్క సీటువాడి పేరుతో కాదు. కొన్ని ఏఐ కోడింగ్ సాధనాలు, ఎవరూ చెప్పకుండానే, అక్కడ తమ పేరు తామే రాసుకుంటున్నాయి.