వద్దన్న అక్షరం వెనుక దొరికే మాట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, అనంతగిరి. ఈ నాలుగు పేర్లూ పైకి చదివి చూడండి. పెదవుల సాయం లేకుండా పలకగలిగేది ఒక్క అనంతగిరినే. ‘పే’కూ ‘మి’కీ పెదవులు కలవాలి. ‘సూ’, ‘కో’, ‘గూ’ల దగ్గర కలవకపోయినా గుండ్రంగా ముందుకు రావాలి. ఇలా పెదవితో పుట్టే అక్షరాలు ఓష్ఠ్యాలు. అవి ఒక్కటీ లేకుండా సాగే రచన నిరోష్ఠ్యం.

నల్లగొండ సీమకు చెందిన మరింగంటి సింగరాచార్యులు పదహారో శతాబ్దంలో, గోల్కొండను ఇబ్రహీం కుతుబ్ షా ఏలుతున్న కాలంలో, రామకథను నిరోష్ఠ్యంగా రాశాడు. చిక్కు నాయకుడి పేరుతోనే మొదలవుతుంది. ‘రామ’లో మకారం ఉంది. లక్ష్మణుడు, భరతుడు, హనుమంతుడు, విభీషణుడు, రావణుడు కూడా అలాగే పోతారు. సీత మాత్రం మిగులుతుంది. ఉకారం సైతం ఓష్ఠ్యమే కాబట్టి, లక్షణాన్ని కచ్చితంగా పాటిస్తే తెలుగు మాట చివర నిలిచే డుమువులకూ చోటుండదు. ఆయన తన కావ్యానికి పెట్టిన పేరు ‘దశరథరాజనందన చరిత్ర’. అక్షరం అక్షరం విడదీసి చూసినా అందులో ఓష్ఠ్యం దొరకదు.

ఇంగ్లిషు మాటలాటలు ఆడేవాళ్లకు ఈ కసరత్తు కొత్తేమీ కాదు. ఫలానా అక్షరం ఉండాలి, ఫలానాది ఉండకూడదు, మూడో గడిలో ఇదే రావాలి అంటూ వర్డిల్ పెట్టే షరతులనే మన అష్టావధానంలో రెండు అంశాలు ఎన్నో తరాలుగా పెడుతున్నాయి. ఒకటి నిషిద్ధాక్షరి, రెండోది న్యస్తాక్షరి. తేడా ఏమిటంటే, అవధాని చేతిలో కాగితం ఉండదు, చుట్టూ మరో ఆరుగురు పృచ్ఛకులు ఉంటారు, పైగా వచ్చిన మాట ఛందస్సులో ఒదగాలి.

నిషిద్ధాక్షరి ఎలా నడుస్తుందో ఊహించి చూద్దాం. రాముడిపై కందం అడిగారనుకోండి. అవధాని ‘శ్రీ’ అన్నాడు. తర్వాత ‘రా’ వస్తుందని పసిగట్టిన పృచ్ఛకుడు రేఫ వద్దంటాడు. అవధాని ‘జా’ అంటాడు. ‘శ్రీజాని’, అంటే లక్ష్మీపతి, రాబోతోందని గ్రహించి పృచ్ఛకుడు నకారాన్ని ఆపుతాడు. అవధాని ‘త’ వేస్తాడు. ఇప్పుడది ‘శ్రీజాత’, లక్ష్మి కొడుకైన మన్మథుడు. ‘జనకుని’ అంటాడేమోనని పృచ్ఛకుడు జకారానికి అడ్డుపడతాడు. అవధాని ‘గురుని’ అని ముగిస్తాడు. గురుడంటే తండ్రి కూడా కదా! శ్రీజాత గురుడు విష్ణువు, ఆయన అవతారమే రాముడు. రెండు గణాలూ కుదిరాయి, అర్థమూ నిలిచింది. అయితే రెండో అక్షరంగా జకారం పడింది కనుక మిగిలిన మూడు పాదాల్లోనూ ప్రాసగా అదే రావాలి. మొదటి పాదంలో తప్పించుకున్న దారికి పద్యమంతా కట్టుబడాలన్నమాట.

న్యస్తాక్షరిది మరో లెక్క. ఉత్పలమాల మొదటి పాదం ఆరో స్థానంలో ‘ఖ’ రావాలని అడిగారనుకుందాం. ఉత్పలమాలలో ఐదోది లఘువు, ఆరోది గురువు, ఏడు ఎనిమిది లఘువులు. ‘ఖ’ హ్రస్వం. అది గురువు కావాలంటే దాని తర్వాత సంయుక్తాక్షరం ఉండాలి. ఖకారం అనగానే తట్టే ‘శంఖం’ ఇక్కడ పనికిరాదు, లఘువు ఉండాల్సిన ఐదో చోట ‘శం’ గురువవుతుంది. ‘ఖడ్గము’ ఆరు నుంచి ఎనిమిది దాకా సరిగ్గా కూర్చుంటుంది. ‘ముఖప్రభ’ ఐదు నుంచి ఎనిమిది దాకా సరిపోతుంది. అంటే ఇచ్చిన అక్షరాన్ని మాట మొదట్లో పెట్టి చూడాలి, కుదరకపోతే మధ్యకు జరపాలి, అదీ కాకపోతే సమాసం అతుకు దగ్గర వెతకాలి.

స్క్రాబుల్‌లో ఆరితేరినవాళ్ల పద్ధతీ ఇంచుమించు ఇదే. పది పాయింట్ల ‘క్యూ’ చేతికొస్తే కొత్తవాళ్లు ‘యు’ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. పాతవాళ్లకు ‘యు’ లేకుండానే క్యూ, ఐలతో నడిచే చైనా మాట ‘చీ’ తెలుసు. ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ ఏబీసీడీల్లో ఐదో అక్షరం లేకుండా 1969లో ఒక నవలే ప్రచురించాడు. ఫ్రెంచిలో అన్నిటికంటే ఎక్కువగా వాడే అక్షరం అదే.

ఇదంతా గారడీయేనా? కొంతవరకు అవును. చిత్రకవిత్వంలో చాలా పద్యాలు నిఘంటువు పక్కన లేకపోతే కొరుకుడు పడవు. నిషేధాలు దాటినంత మాత్రాన పద్యానికి ప్రాణం రాదు. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు సంస్థానాల్లో అవధానాలు చేసి మెప్పించారంటే అక్షరాల లెక్క ఒక్కటే కారణం కాదు, పద్యం వినగానే అర్థమయ్యేలా నడిపించడం కూడా.

మనం మాటల్ని అర్థాన్ని బట్టి దాచుకుంటాం. అవధాని వాటినే తూకాన్ని బట్టి, మొదటి అక్షరాన్ని బట్టి, పర్యాయపదాలను బట్టి కూడా దాచుకుంటాడు. అందుకే ఒక దారి మూస్తే మరో దారిన అదే మాట దగ్గరికో, అంతకన్నా మెరుగైన మాట దగ్గరికో చేరతాడు. ఇది బడిపిల్లలకూ పట్టుబడే విద్యే. పవర్గం వాడకుండా మీ ఊరి చెరువు గురించి రెండు వాక్యాలు చెప్పమనండి. ‘పెద్ద’ వద్దన్నారు కాబట్టి ‘విశాలంగా’ వస్తుంది, ‘బాగుంది’ కుదరదు కాబట్టి ఆ చెరువులో ఏది నచ్చిందో విడమరిచి చెప్పాల్సి వస్తుంది. ఊరికే ‘బాగుంది’ అని సరిపెట్టుకునే అలవాటును మాన్పించడానికి ఇంతకంటే ఖర్చులేని పాఠం దొరకదు.