టెన్సింగ్ చెప్పినది, ఉల్మన్ రాసినది

ఎవరెస్టు మీద వచ్చిన పుస్తకాలకు లెక్క లేదు. వాటిలో ఎక్కువ భాగం ఆ కొండ ఎక్కడానికి సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు రాసుకున్నవి. ఆ కొండల మధ్య పెరిగి, బరువులు మోసి, మంచులో దారి తొలిచినవాళ్ళ మాట పుస్తకంగా వచ్చింది బహు తక్కువ. అలాంటి వాటిలో 1955లో వెలువడిన టెన్సింగ్ నార్గే ఆత్మకథ ఒకటి. ఇంగ్లండులో ‘మ్యాన్ ఆఫ్ ఎవరెస్ట్’ అనీ, అమెరికాలో ‘టైగర్ ఆఫ్ ది స్నోస్’ అనీ రెండు పేర్లతో వచ్చిన ఒకే పుస్తకం ఇది. మనబోటి వాళ్ళు దీన్ని మళ్ళీ చదవాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

టెన్సింగ్‌కు షెర్పా, నేపాలీ, హిందీ, ఇంకా అనేక భాషలు మాట్లాడడం వచ్చు. రాయడం రాదు. సంతకం చెయ్యడం మాత్రం నేర్చుకున్నాడు. ఆయన చెప్పిన కథను అమెరికన్ నవలాకారుడు జేమ్స్ రామ్సే ఉల్మన్ ఇంగ్లీషులో రాశాడు. డార్జిలింగ్ మిత్రుడు రవీంద్రనాథ్ మిత్రా వారి మధ్య దుబాసీగా సాయపడ్డాడు. మన దాకా వచ్చేసరికి ఆ మాట ఎన్ని చేతులు మారిందో చూడండి. మరి దీన్ని ఆత్మకథ అనవచ్చునా?

అనవచ్చుననడానికి పుస్తకంలోనే ఆధారం ఉంది. 1953 మే 29న శిఖరానికి కాస్త దిగువన సుమారు 40 అడుగుల నిటారు రాయి అడ్డొచ్చింది. ముందు హిల్లరీ ఎక్కాడు, వెనక టెన్సింగ్. దళనాయకుడు జాన్ హంట్ ఆ ఏడే తెచ్చిన ‘ది అసెంట్ ఆఫ్ ఎవరెస్ట్’లో ఆ ఘట్టం రాసింది హిల్లరీయే. టెన్సింగ్ పైకి చేరి కూలబడిన తీరును ఆయన సముద్రంలోంచి లాగిన పెద్ద చేపతో పోల్చాడు. ఉపమానం ఎంత పని చేస్తుందో గమనించండి. ఆ ఒక్క పోలికతో తోటి ఆరోహకుడు కాస్తా తాడుకు తగిలించి లాగిన బరువైపోయాడు. టెన్సింగ్ తన పుస్తకంలో దీనికి జవాబిచ్చాడు. తనను ఎవరూ లాగలేదనీ, ఆ రాయి తానే ఎక్కాననీ మర్యాదగా, గట్టిగా చెప్పాడు. ఈ జవాబు ఉల్మన్ కల్పించేది కాదు. ఇక్కడ గొంతు టెన్సింగ్‌దే.

ఇంకో చోట కూడా ఆ గొంతు వినిపిస్తుంది. శిఖరం మీద ముందు కాలు పెట్టింది ఎవరన్న ప్రశ్న. కొండ దిగి వస్తుంటే నేపాల్ జనం టెన్సింగ్‌ను నెత్తిన పెట్టుకున్నారు. ఆయన తాడు పట్టి హిల్లరీని పైకి లాగుతున్నట్టు బొమ్మలు వేశారు. దాదాపు కలిసే చేరామని ఇద్దరూ ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. అంతటితో ఊరుకుంటే ఆయనకు పోయేది లేదు. అయినా ఈ పుస్తకంలో, హిల్లరీ కొద్ది అడుగులు ముందున్నాడనీ, మొదట కాలు పెట్టింది అతనేననీ చెప్పేశాడు. తనను తక్కువ చేసిన మాటను ఒప్పుకోనివాడు, తనను ఎక్కువ చేసిన మాటనూ ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఈ పుస్తకానికి ప్రాణం ఇదే.

లోపాలు లేవని కాదు. దండయాత్రల వర్ణనలు కొన్ని చోట్ల జాబితాల్లా సాగుతాయి. కొండల మహిమను పొగిడే వాక్యాల్లో నవలాకారుడి చెయ్యి కనబడుతుంది. పెద్ద లోపం మరొకటి. మీరు నేపాలీయా, భారతీయులా అని పత్రికలవాళ్ళు ఆయన్ను వేధించారు. పుట్టుక ఒక చోట, బతుకు ఒక చోట, రెండూ నావేనని ఆయన సమాధానం. కుమారుడు జామ్‌లింగ్ 2001లో తెచ్చిన పుస్తకంతో సహా తరువాతి రచనలు ఆయన పుట్టింది టిబెట్టులో అంటాయి. తండ్రి పుస్తకంలో సొంత ఊరు నేపాల్‌లోని థామే. రెండు దేశాలు పోటీ పడుతున్న వేళ మూడో దేశం పేరెత్తడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో తరతరాలుగా ఉంటున్న మనకు ఈ ఇబ్బంది కొత్త కాదు. ఇక్కడివాళ్ళమే అంటే, అది సరే, అసలు ఊరేది అంటారు. అటు వెళితే, మీ తెలుగు వేరేగా ఉందే అంటారు. టెన్సింగ్ జవాబు మనకూ సరిపోతుంది.

చెప్పినవాడి మాట ఏ భాషలో నిలుస్తుందన్నది కూడా చిన్న విషయం కాదు. 1950లో ఫ్రెంచివారు అన్నపూర్ణ ఎక్కినప్పుడు షెర్పాల నాయకుడు అంగ్ థార్కే. దళనాయకుడు హెర్జోగ్ పుస్తకం లోకమంతా చదివింది. అంగ్ థార్కే చెప్పిన కథ 1954లో ఫ్రెంచిలో వచ్చి, 2016లో గానీ ఇంగ్లీషుకు చేరలేదు. మన సంగతికి వస్తే, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు లంబాడీ పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె కథ మీద 2017లో వచ్చిన సినిమా హిందీలో తీసింది. తప్పు పట్టడం లేదు. అయితే ఇంటి భాషలో ఆ పిల్ల ఆ కథ ఎలా చెప్పి ఉంటుందో తెలుసుకోవాలనిపిస్తుంది.

ఏడోసారి ప్రయత్నించి శిఖరం చేరిన టెన్సింగ్ అక్కడ మంచులో కాసిని మిఠాయిలతో పాటు కూతురు నీమా ఇచ్చిన పెన్సిలు ముక్క కూడా పాతిపెట్టాడు. రాయడం రాని మనిషి అంత ఎత్తుకు మోసుకెళ్ళిన వస్తువు అది!

మన ఇళ్ళలోనూ తెలుగు తియ్యగా మాట్లాడుతూ తెలుగు రాయడం రాని పెద్దలున్నారు. వాళ్ళు ఎక్కిన కొండలు వాళ్ళకున్నాయి. రాయడం వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని, వాళ్ళ మాటను వాళ్ళ మాటలాగే రాసిపెట్టాలి. ఉపమానాలు మనవి చేర్చకుండా ఉంటే చాలు.