గుడ్డెలుగు దారిలో ఏం పట్టుకుపోవాలి?

చైత్ర పౌర్ణమి దగ్గరపడితే మా గౌలిపురా గల్లీలో సలేశ్వరం జాతర మాటలే వినబడతాయి. ఇమ్లీబన్‌లో శ్రీశైలం బస్సెక్కి నల్లమలకు పోవాలని కుర్రాళ్లంతా ఉబలాటపడతారు. మొన్న వాళ్లలో ఒకడు జేబులోంచి వేలెడంత పెప్పర్ స్ప్రే తీసి, "అన్నా, ఇది పట్టుకపోతే ఫారెస్టోళ్లు ఆపుతరా? గుడ్డెలుగు ఎదురైతే దీంతో ఆగుతదా?" అనడిగాడు.

అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలో కొండలెక్కే మనవాళ్లకు పార్కు నియమాల్లోనే జవాబు దొరుకుతుంది. ఎల్లోస్టోన్‌లో బేర్ స్ప్రే వెంట ఉంచుకోమని పార్కువాళ్లే చెబుతారు. ఎలుగుకు కనీసం 100 గజాల దూరంలో ఉండమంటారు. అదే దేశంలోని యోసెమిటీలోకి ఆ డబ్బాను రానివ్వరు. అక్కడుండేవి నల్ల ఎలుగులు. వాటితో పేచీ ఎక్కువగా తిండి దగ్గరే కాబట్టి, తినేవన్నీ ఇనుప పెట్టెల్లో పెట్టి తాళం వేయమంటారు. అసలు బేర్ స్ప్రే అంటే దాదాపు పావుకిలో బరువుండే డబ్బా. మిరప ఘాటును ఏడెనిమిది మీటర్ల దాకా మబ్బులా చిమ్ముతుంది. మావాడి జేబులోది మనుషుల కోసం చేసింది. దానికి అంత దూరమూ లేదు, అంత మందూ లేదు. ఎదురుగాలి వీస్తే మన కళ్లే మండుతాయి.

ఇక మన చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ అధీకృత అధికారి గానీ ముందుగా రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టకూడదు. జంతువును గాయపరచగల ఏ పరికరమైనా ఆ చట్టం లెక్కలో ఆయుధమే. వన్యప్రాణికి హాని చేసే రసాయనాలు వాడొద్దని 32వ సెక్షన్ అంటుంది. ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో జంతువును గాయపరిచినా నేరం కాదని 11వ సెక్షన్ ఊరటనిస్తుంది. పెప్పర్ స్ప్రే ఊసు మాత్రం ఎక్కడా లేదు. అంటే చెక్‌పోస్టులో ఎవరుంటే వాళ్ల మాటే చెల్లుతుంది. ప్రాణాల విషయంలో ఈ అస్పష్టత నాకు బొత్తిగా నచ్చదు.

డబ్బా కన్నా ముందు తెలుసుకోవాల్సింది గుడ్డెలుగు తీరు. చెదల పుట్టలో మూతి పెట్టి గాలి పీలుస్తూ తింటున్నప్పుడు, ఆ చప్పుడులో దానికి మన అడుగులు వినబడవు. దగ్గరికొచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది, ముఖమూ తలా చీరేస్తుంది. స్ప్రే మూత తీసే వ్యవధి కూడా ఉండదు. పైగా సలేశ్వరం జాతర వచ్చేది ఇప్పపూలు రాలే రోజుల్లోనే. తెల్లవారకముందే చెట్టు కింద పూల కోసం మనుషులూ వస్తారు, అదీ వస్తుంది. అందుకే నేను సలేశ్వరం లోయలోకి దిగినప్పుడల్లా గుంపు మధ్యలోనే నడుస్తాను. దారి పొడుగునా జనం అక్కడి దేవుడు లింగమయ్యను ఎలుగెత్తి పిలుస్తుంటారు. ఆ పిలుపు భక్తి కోసమే కావచ్చు, పొదల అవతలున్న జంతువుకు మాత్రం ముందస్తు కబురు. ఈ మధ్య చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గుంపుకు దూరంగా ఒంటరిగా నడిచే పిల్లల్ని చూస్తే గుండె దడదడలాడుతుంది.

2023 ఆగస్టులో తిరుమల కొండకు పోయే అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుతకు బలైన తర్వాత టీటీడీ భక్తులకు చేతికర్రలు ఇచ్చింది. చాలామంది కర్రల గురించే మాట్లాడుకున్నారు. నా దృష్టిలో అసలైన పని, మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లల్ని ఆ దారిలోకి పంపకుండా ఆపడమూ, గుంపులుగా కదిలించడమూ. నల్లమలలోనూ రాత్రి తొమ్మిదింటికి శ్రీశైలం రోడ్డు మూసేస్తారు కదా, అదీ అలాంటిదే.

కుర్రాడికి మాత్రం ఆ డబ్బా ఇంట్లో పెట్టి పొమ్మన్నాను. అటవీశాఖవాళ్లు మన్ననూర్ చెక్‌పోస్టులోనూ, ఇమ్లీబన్‌లో శ్రీశైలం బస్సులు ఆగేచోటా ఒక బోర్డు పెట్టాలి. కర్ర పనికొస్తుందా, స్ప్రేకు అనుమతి ఉందా, ఏ వేళలో నడవాలి, ఎలుగు కనబడితే ఏం చేయాలి అన్నది తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్దక్షరాలతో రాయాలి. వచ్చే జాతరకు ఇంకా వ్యవధి ఉంది.