అనువాదకుని చెవి

మతగ్రంథాన్ని పరాయి భాషలోకి తీసుకువెళ్ళదలచినవాడు ముందుగా ఏమి చదవాలి? క్రైస్తవ మిషనరీలు 1934లో అమెరికాలోని ఆర్కాన్సాస్‌లో ఒక వేసవి శిబిరం పెట్టి ఈ ప్రశ్నకు సమాధానమిచ్చారు. దాని స్థాపకుడు టౌన్‌సెండ్ గ్వాటెమాలాలో స్పానిష్ బైబిళ్ళు అమ్మబోయి, అక్కడి కక్చికెల్ జనానికి ఆ భాష అందదని గ్రహించినవాడు. సమ్మర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లింగ్విస్టిక్స్‌గా పెరిగిన ఆ శిబిరంలో, లిపి లేని భాషను చెవితో పట్టి అక్షరాల్లో పెట్టే పద్ధతిని కెన్నెత్ పైక్ నేర్పాడు. యూజీన్ నైడా 1964లో వెలువరించిన గ్రంథంలో అనువాదాన్నే ఒక శాస్త్రంగా నిలబెట్టాడు.

తెలుగునాట ఈ కృషి ఇంకా పాతది. జర్మన్ మిషనరీ షుల్జ్ మద్రాసులో 1728 నాటికే లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. ఆయన చేసిన కొత్త నిబంధన అనువాదం మాత్రం అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెగ్రాంజెస్‌లు ఆనందరాయరు సాయంతో పని మొదలుపెట్టారు. 1812లో శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యేసరికి ఆ ఇద్దరు దొరలూ జీవించిలేరు. ఈ శ్రమను తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు.

అయితే ఆ భాష ఎవరిది? టేకుమట్లలో మనిషి "వచ్చిండు", "పోయిండు" అంటాడు. పుస్తకంలో "వచ్చెను", "పోయెను" అని చదువుతాడు. పల్లెవాడి నోటినే ప్రమాణంగా తీసుకోమన్న పైక్ పాఠం లిపిలేని భాషలకు వర్తించినంతగా పండితులున్న తెలుగుకు వర్తించలేదు. తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో డోర్నకల్ బిషప్పయిన అజరయ్య చేతిలోనూ ఉన్నది ఆ గ్రాంథిక బైబిలే. విచిత్రమేమంటే, ఆ గ్రంథంలోనే ఇబ్రాహీం సంప్రదాయానికి వాడిన మాట "సున్నతి". అది అరబ్బీ నుంచి ముస్లిముల ద్వారా తెలుగు జనం నోటికెక్కిన మాట. అక్కడ మాత్రం అనువాదకుని చెవి బాగా పనిచేసింది.

మూలం తొలి శ్రోతలలో కలిగించిన స్పందననే అనువాదం కూడా కలిగించాలని నైడా అంటాడు. ఆ తొలి స్పందనను కొలిచిందెవరు? ఈ సూత్రం మితిమీరితే అనువాదకుడు వ్యాఖ్యాతగా మారి, ఆ సంగతి పాఠకునికి తెలియనివ్వడు. ఖుర్ఆన్ అనువాదకునికి ఈ ప్రమాదం తక్కువ. అరబ్బీ మూలం పక్కనే ఉంటుంది, నమాజులో పఠించేది అదే. తెలుగు పాఠం భావానువాదం మాత్రమే. చర్చిలో చదివేది అనువాదాన్నే కనుక వారి భారం పెద్దది, వారి చదువూ అంత కఠినం.

కాని ఈ సౌలభ్యమే ముస్లిం అనువాదకులను సోమరులను చేసిందనక తప్పదు. మూలం భద్రంగా ఉందన్న ధీమాతో తెలుగును పట్టించుకోని వాక్యాలు అచ్చవుతూనే ఉన్నాయి. "సలాత్" అని రాసి కింద వివరణ ఇస్తారు. టేకుమట్లలో ముస్లిమేతరునికి కూడా "నమాజు" తెలుసు. అది పారసీక పదమన్న అభ్యంతరం పండితులది, పాఠకునిది కాదు. ఇంట్లో దక్కనీ, అంగట్లో తెలుగు మాట్లాడే అక్కడి ముస్లిం యువకునికి ఆ రెండు భాషల పొందికను శాస్త్రీయంగా నేర్పే పాఠం మదర్సాలో సాధారణంగా దొరకదు.

ఖుర్ఆన్‌ను తొలుత తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు 'ఆంధ్ర భాషా చరిత్రము' రాసిన భాషావేత్త. ఆయన ముస్లిం కాడు.