మోనికా కోరిన చోటు: మృతుల జ్ఞాపకము, ప్రభువు బల్ల

మృతులను జ్ఞాపకము చేసికొనుట గూర్చి మన వేదాంత కళాశాలలలో చర్చ వచ్చినప్పుడెల్లా అది ఉత్తరించు స్థలము దగ్గర మొదలై అక్కడే ముగియుచున్నది. మృతుల కొరకు ప్రార్థింపవచ్చునా, కూడదా అను ప్రశ్నకు జవాబు చెప్పి పుస్తకము మూసివేయుచున్నాము. ఈలోగా మృతుల జ్ఞాపకము అనేక సంఘములలో ఆదివారపు ఆరాధనను విడిచి శ్మశానమునకును, ఇంటి ముందు వేసిన షామియానా క్రిందికిని వెళ్లిపోయినది. ఇది గమనించినవారు అగస్టీను రచించిన 'కన్ఫెషన్స్' తొమ్మిదవ పుస్తకమును మరల చదువవలెనని మా అభిప్రాయము.

అగస్టీను తల్లి మోనికా క్రీ.శ. 387లో రోము రేవుపట్టణమైన ఓస్తియాలో, తన 56వ ఏట మరణించినది. ఆఫ్రికాలో భర్త ప్రక్కనే తనను పాతిపెట్టవలెనని ఆమె ఎంతో కాలముగా ఆశించి, చోటు కూడ సిద్ధపరచుకొన్నది. చివరి దినములలో ఆ ఆశ విడిచిపెట్టినది. శరీరమును ఎక్కడ ఉంచినను సరే, ప్రభువు బలిపీఠము నొద్ద మాత్రము తనను తలంచుకొమ్మని కుమారులను కోరినది. సమాధి నుండి బల్లకు జరిగిన ఈ కదలికకు ముందే ఒక సంఘటన ఉన్నది. అది ఆరవ పుస్తకములో కనబడును. మిలాను పట్టణములో ఆమె తన దేశపు అలవాటు చొప్పున గంజి, రొట్టె, ద్రాక్షారసము తీసికొని హతసాక్షుల సమాధులకు వెళ్లగా ద్వారపాలకుడు అడ్డగించెను. అన్యులు పితరులకు చేయు పండుగను అది పోలియున్నదనియు, త్రాగుబోతులకు అవకాశమిచ్చుచున్నదనియు బిషప్పు అంబ్రోసు దానిని నిషేధించియుండెను. ఆమె మారుమాట లేకుండ లోబడెను. నవంబరు 2న సమాధులకు సున్నము వేయించి, కొవ్వొత్తులు వెలిగించి, గతించినవారికి ఇష్టమైన తినుబండారము అక్కడ పెట్టవచ్చునా అని అడిగే కుటుంబములను ఎరిగిన కాపరులకు ఈ ఘట్టము క్రొత్తగా తోచదు. అయితే అంబ్రోసు ఒకటి తీసివేసినప్పుడు మోనికాకు వేరొక చోటు మిగిలియున్నది. మనము తీసివేయుచున్నాము గాని ఏ చోటు చూపించుచున్నాము?

కాల్విన్ 'ఇన్‌స్టిట్యూట్స్' మూడవ పుస్తకము ఐదవ అధ్యాయములో ఈ కోరికను ముసలితనపు కోరికగా కొట్టివేసెను. కుమారుడు దానిని లేఖనముతో పరీక్షింపలేదని ఆయన నేరారోపణ. కాల్విన్ పట్ల మాకు గౌరవమున్నను ఈ విమర్శ న్యాయముగా లేదు. తల్లి కొరకు అగస్టీను చేసిన ప్రార్థన అంతయు లేఖనముతోనే నేయబడినది: తీర్పును మించి అతిశయపడు కనికరము (యాకోబు 2:13), మనమీద నేరము మోపువాడెవడు అను పౌలు ప్రశ్న (రోమా 8:33, 34), సిలువచేత తుడిచివేయబడిన వ్రాతరుణము (కొలస్సీ 2:14). తాను అడుగుచున్నది దేవుడు ఇదివరకే చేసియున్నాడని నమ్ముచున్నట్లు కూడ అతడు చెప్పుచున్నాడు. కనుక దీనిని ఉత్తరించు స్థలమునకు రుజువుగా చూపువారును తొందరపడుచున్నారు. శుద్ధిచేయు అగ్నిని గూర్చి అగస్టీను ఇతర గ్రంథములలో ఆలోచించెను గాని ఈ ప్రార్థనలో ఆ అగ్ని లేదు. రెండవ లియోను మహాసభ (1274) నిర్ణయమును దీనిలోనికి చొప్పించి చదువుట సరికాదు.

ఈ గ్రంథములో మనము ఎక్కువగా నిలువవలసిన చోటు వేరొకటి. తల్లిని స్మరించుచు అగస్టీను ఆమె చిన్ననాటి దోషమును దాచలేదు. పీపానుండి ద్రాక్షారసము తేబోయి మొదట పెదవి తడుపుకొని, తరువాత గిన్నెలే త్రాగ మరిగిన సంగతి, ఇంటి దాసి కలహములో త్రాగుబోతు అని ఎత్తిపొడిచిన సంగతి వ్రాసెను. బాప్తిస్మము పొందిన తరువాత ఆమె నోట దేవుని ఆజ్ఞకు విరుద్ధమైన మాట ఒక్కటియు రాలేదని చెప్ప సాహసింపనని కూడ ఒప్పుకొనెను. మన జ్ఞాపకార్థ కూటములలో దీనికి విరుద్ధముగా జరుగుచున్నది. ప్రసంగీకులు ఒకరి తరువాత ఒకరు లేచి, వంటవారు భోజనాలకు తొందరపెట్టువరకు, గతించిన వ్యక్తిని నిర్దోషిగా నిలువబెట్టుదురు. ఆ వ్యక్తితో జీవితమంతా వేగిన భార్యయో కుమారుడో తలవంచుకొని వినుచుందురు. పొగడ్త మనుష్యుల యెదుట చెప్పబడునది గనుక దోషమును భరింపలేదు. ప్రార్థన కృపగల దేవుని యెదుట చెప్పబడునది గనుక దోషమును పలుకగలదు. మృతుల కొరకైన ప్రార్థనను సిద్ధాంత కారణముచేత తొలగించి ఆ ఖాళీలో పొగడ్తను కూర్చుండబెట్టిన మనము సంస్కరణను పూర్తిచేసితిమని అనుకొనుట వింతయే.

సంస్కరణ సంఘములు కూడ ఆ ఖాళీని అట్లే ఉంచలేదు. 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథము ప్రభు భోజన క్రమములో మృతులకు కనికరమును సమాధానమును వేడుకొనెను. 1552లో ఆ మాటలు తీసివేసి, ప్రార్థనను భూమిమీద పోరాడు సంఘమునకే పరిమితము చేసిరి. 1662లో వేడుకోలు తిరిగి రాలేదు గాని విశ్వాసమందు గతించిన దాసుల నిమిత్తము కృతజ్ఞతాస్తుతి వచ్చి చేరినది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమునకు ఇది పిత్రార్జితములో భాగము. ఆ స్తుతిలో ఆ నెల గతించినవారి పేర్లు చదివి, వెంటనే సంఘమంతయు తన పాపము ఒప్పుకొన్నయెడల ఏ సిద్ధాంతమునకును భంగము కలుగదు.

అగస్టీను తన పాఠకులను కోరినది కూడ పేర్లతోనే: మోనికాను, ఆమెతోకూడ ఆమె భర్త పత్రీషియసును. పత్రీషియసు కోపిష్ఠి, భార్యకు నమ్మకముగా నడువనివాడు. ఆ సంగతి అదే పుస్తకము చెప్పుచున్నది. అయినను తల్లి పేరు ప్రక్కన తండ్రి పేరు నిలిచినది. అయితే పత్రీషియసు ఆయుష్కాలము చివర విశ్వాసియైనవాడు. మన గ్రామ సంఘములలో మొదటి తరము విశ్వాసి, క్రీస్తును ఎరుగకయే గతించిన తన తండ్రి పేరు వ్రాసి కాగితము కాపరి చేతికి ఇచ్చినయెడల? 1662 నాటి స్తుతి వాక్యములో ఆ పేరు ఇమడదు. కాని ఆ కుమారుని కొరకు సంఘము చేయు ప్రార్థనలో, తీర్పు తీర్చువాడు దేవుడే అను ఒప్పుకోలుతో, ఆ పేరు పలుకుటకు అడ్డమేమియు మాకు కనబడలేదు.